డ్రై ఐ అని రాసే ముందు దూదితో స్పర్శ చూడాలా, వద్దా?

స్లిట్‌ల్యాంప్:
నిన్న మా ఓపీలో సీనియర్ సార్‌తో ఇదే గొడవ. షుగర్ ఉన్న పెద్దాయన, ఆరు నెలలుగా డ్రై ఐ చుక్కలే వాడుతున్నాడు, చూపు మసక, నొప్పి మాత్రం అసలు లేదు. దూదిని పోగులా లాగి నల్లగుడ్డుకి తాకిస్తే రెప్ప కూడా ఆడలేదు, అంటే అక్కడి నరాలే మొద్దుబారాయి! ఫ్లోరెసిన్ రంగు చుక్క వేస్తే నడిమధ్యలో పైపొర ఊడిపోయి ఉంది. డ్రై ఐ అని వచ్చిన ప్రతివాళ్ళకీ, మత్తు చుక్క వేయకముందే, ఇది చేయాలంటాను. మీరేమంటారు?

ఓపీవందమంది:
అందరికీ కుదరదు తమ్ముడూ. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా నూట ఇరవై మంది, ఇద్దరం చూస్తాం. పైగా దూది కొలత కాదు, పూర్తిగా మొద్దుబారితే తెలుస్తుంది గానీ సగం తగ్గితే తెలియదు. నైలాన్ పోగుతో కొలిచే కోషే-బోనే పరికరం మా ఊళ్ళో ఎవరి దగ్గరా చూడలేదు. షుగర్, అక్కి, హెర్పిస్ వచ్చినవాళ్ళు, లేసిక్ (అద్దాలు తీసేసే లేజర్), తలలో ఆపరేషన్ అయినవాళ్ళు, వీళ్ళకి చేస్తే చాలు.

స్లిట్‌ల్యాంప్:
అన్నా, ఆ రద్దీలో పదేళ్ళ కిందటి అక్కి గురించి అడిగేదెవరు? వెల్డింగ్ చేసేవాళ్ళు మత్తు చుక్కల సీసా దగ్గర పెట్టుకుని వాడతారు, అడిగినా చెప్పరు. దూదికి పట్టేది పది సెకన్లు.

కార్నియాపిచ్చి:
మీరిద్దరూ నొప్పి లేని కన్ను దగ్గరే ఆగిపోయారు. ఇంకొకావిడ వస్తుంది, కన్ను అద్దంలా ఉంటుంది, రంగు వేసినా ఎక్కడా అంటదు, ఆవిడేమో మంట అని ఏడుస్తుంది, మనం టెన్షన్ అని పంపేస్తాం. అక్కడ మత్తు చుక్కే పరీక్ష: మంట పోతే తేడా కంటి పైనున్న నరాల్లో, పోకపోతే మెదడు దారిలో. రెండోదైతే చుక్కలు మార్చి లాభం లేదు, గాబాపెంటిన్ లాంటి నరాల నొప్పి మందులు ఆలోచించాలి. అందుకే దూది ముందు, మత్తు తర్వాత. వరుస తప్పితే దూది పరీక్ష పాడే.

ఓపీవందమంది:
సరే మేడమ్, కనిపెట్టాక? మొద్దుబారిన నరాల కోసం వచ్చిన సెనెజెర్మిన్ చుక్కలకి 2018లో అమెరికాలో అనుమతి వచ్చింది, రోజుకి 6 సార్లు, 8 వారాలు. ధర చెబితే మా పేషెంటు కుర్చీలోంచి లేచిపోతాడు.

కార్నియాపిచ్చి:
అది లేకపోతే చేతులు కట్టుకు కూర్చోవాలా? ముందు ప్రిజర్వేటివ్ (చెడిపోకుండా కలిపే రసాయనం) ఉన్న చుక్కలన్నీ ఆపండి, సగం విషం అదే. సొంత రక్తంతో చేసే సీరం చుక్కలున్నాయి, పుండుని కప్పే బ్యాండేజ్ లెన్స్ ఉంది. పుండు మానకపోతే పై రెప్పనీ కింది రెప్పనీ చివర కలిపి కుట్టేయడం. పేషెంటు అద్దంలో చూసుకుని తిట్టినా కన్ను మిగులుతుంది.

ఓపీవందమంది:
రెప్ప కుట్టడానికి వాళ్ళింట్లో వాళ్ళని ఒప్పించడం మీరు చేస్తారా? సరే, రేపటి నుంచి షుగర్ వాళ్ళకి, ఒంటి కన్నే డ్రై అన్నవాళ్ళకి దూది పెట్టిస్తాను. అందరికీ మాత్రం పెట్టను.