గ్రహశకలానికి ఉపగ్రహం ఉంటే సౌరకుటుంబం పుట్టుక తెలుస్తుందా?

సందేహి: 1993లో గెలీలియో నౌక తీసిన ఫొటోల్లో ఐడా గ్రహశకలం పక్కన డాక్టిల్ అనే బుల్లి ఉపగ్రహం బయటపడిందని చదివాను. ఒకటిన్నర కిలోమీటరు కూడా లేని ఆ రాయి సౌరకుటుంబం పుట్టుక గురించి ఏం చెప్పగలదు? నాకు నమ్మబుద్ధి కావడం లేదు.

దుర్భిణి: నమ్మకండి. డాక్టిల్‌ను పురాతన సాక్షిగా నిలబెట్టేవాళ్లతో నాకూ పేచీయే. అలాంటి చిన్నవి చాలావరకు తర్వాతి కాలపు ఢీకొనడాల్లో రాలిన ముక్కలు. వాటితో పని వేరే ఉంది. ఉపగ్రహం ఎంత దూరంలో, ఎంతసేపట్లో చుట్టి వస్తుందో తెలిస్తే కెప్లర్ సూత్రంతో ద్రవ్యరాశి లెక్కకట్టవచ్చు. దాన్ని పరిమాణంతో కలిపి చూస్తే సాంద్రత తేలుతుంది. రెండు ఉపగ్రహాలున్న సిల్వియా అనే గ్రహశకలం సాంద్రత నీటికంటే కాస్తే ఎక్కువ. గట్టి రాయి అయితే అలా ఉండదు, లోపల బోలెడంత ఖాళీ ఉండాలి.

పుట్టుక సంగతి కావాలంటే సమఉజ్జీల జంటలను, అంటే దాదాపు ఒకే పరిమాణమున్న రెండు శకలాలు ఒకదాని చుట్టూ ఒకటి తిరిగేవాటిని చూడండి. నా ఓటు పాట్రోక్లస్–మెనీషియస్‌కు. బృహస్పతి కక్ష్యలోనే సూర్యుణ్ణి చుట్టే ఈ రెండూ చెరో వంద కిలోమీటర్ల పైచిలుకు ఉంటాయి. తొలినాటి ధూళి చక్రంలో గులకరాళ్ల గుంపు తన ఆకర్షణకు తానే కుంగిపోయేటప్పుడు, దానికున్న భ్రమణమంతా ఒక్క ముద్దలో ఇమడదు. అందుకే రెండుగా గడ్డకడుతుంది. నెప్ట్యూన్ అవతల మంచు శకలాలుండే కైపర్ బెల్ట్ జంటల్లో రెండింటి రంగూ ఒకటే కావడం ఈ వాదానికి పెద్ద బలం. ఎక్కడినుంచో వచ్చి చిక్కిన తోడైతే రంగులు అంతగా కలవవు.

సందేహి: ఎండ వల్ల కూడా ఉపగ్రహాలు పుడతాయని విన్నాను. నిజమేనా?

ధూళికణం: చిన్న శకలాల విషయంలో నిజమే. వంకరటింకర ఆకారం ఎండ వేడిని అన్నివైపులా సమానంగా వదలదు. ఆ తేడా కోట్ల ఏళ్లలో ఆత్మభ్రమణ వేగాన్ని పెంచుతుంది, చివరికి నడుము దగ్గరి రాళ్లు లేచిపోతాయి. డిడిమోస్ అనే గ్రహశకలం ఇప్పటికీ రెండుంబావు గంటలకోసారి తన చుట్టూ తాను తిరుగుతోంది. 2022లో డార్ట్ నౌక ఢీకొట్టింది దాని ఉపగ్రహం డైమార్ఫోస్‌నే. ఆ దెబ్బకు డైమార్ఫోస్ చుట్టు సమయం అరగంటకు పైగా తగ్గింది.

దుర్భిణి: పాట్రోక్లస్ జంట గురించి ఇంకొకటి. అది బయటి మంచు శకలాల గుంపులో చాలాకాలం ఉండి ఉంటే, తగిలిన దెబ్బలకు ఎప్పుడో విడిపోయేది. విడిపోలేదు కనుక పెద్ద గ్రహాలు జరిగి దాన్ని ఇటు తోసింది సౌరకుటుంబం తొలి పది కోట్ల ఏళ్లలోపే అని కొందరి వాదన. నాకు నచ్చిన వాదన అదే. 2033లో లూసీ నౌక అక్కడికి చేరాక మొదట ఉపరితలం వయసు చెప్పే బిలాల లెక్క చూస్తాను. రెండింటి ఉపరితలాల వయసూ కలవకపోతే పైన చెప్పిన కథకు చిక్కే.