పాట రాస్తారా, కడతారా?

ప్రశ్న:

పాట రాయాలని చాన్నాళ్ళుగా ఉంది. కాగితం ముందు కూర్చుంటే పెన్ను కదలదు. ఒక లైను రాస్తాను, కొట్టేస్తాను, ఇంకోటి రాస్తాను, అదీ కొట్టేస్తాను. మొన్న ఈ మాటే ఒక పెద్దాయనతో అంటే, "పాట రాసేదేంటమ్మా, కట్టాలి గానీ" అన్నారు. అప్పటినుంచీ ఆ మాట తిరుగుతూనే ఉంది. ఉత్తరం రాస్తాం, కథ రాస్తాం, అర్జీ రాస్తాం. పాట దగ్గరికొచ్చేసరికి 'కట్టాడు' అని కూడా అంటాం. ఈ 'కట్టు' వెనకాల ఏమైనా ఉందా, ఉత్త వాడుకేనా? పనిలో పనిగా, నాలాంటి కొత్తవాళ్ళు ఎక్కడ మొదలుపెట్టాలో కూడా ఎవరైనా చెబితే పుణ్యం ఉంటుంది.

జవాబు:

ఆ పెద్దాయన ఒక్క మాటలో అంతా చెప్పేశారండీ. నేను పొడుగ్గా చెబుతాను, అంతే తేడా.

మాల కడతాం, మూట కడతాం, గోడ కడతాం, గజ్జె కడతాం, జట్టు కడతాం. అన్నిట్లోనూ విడివిడిగా ఉన్నవాటిని దగ్గరికి చేర్చి ఊడిపోకుండా చేయడమే ఉంది. పాటలో అలా చేరేవి రెండు: మాట, వరస. ఇక్కడ వరస అంటే బాణీ. అదే మాటని క్రమానికీ, చుట్టరికానికీ కూడా వాడతాం కాబట్టి 'వరస కలవడం' అనేది పాటకీ పనికొస్తుంది. సంస్కృతంలోనూ ఇదే చూపు కనిపిస్తుంది. ప్రబంధం అన్నదాంట్లో ఉన్నది బంధమే, కట్టడమే. గ్రంథం అన్నా ముడివేసినది, గుదిగుచ్చినది అనే. మనవాళ్ళు పద్యాన్ని అల్లారు, పాటని కట్టారు. రాయడం అనేది ఆ తర్వాత, మరిచిపోకుండా దాచుకోవడానికి చేసే పని.

రాసినదాంట్లో పాట మొత్తం ఉండదనడానికి పెద్ద సాక్ష్యం తాళ్ళపాక రాగిరేకులే. అన్నమయ్య (1408–1503) సంకీర్తనలు వేలకొద్దీ ఆ రేకుల మీద ఉన్నాయి. ప్రతి కీర్తనకీ రాగం పేరు చెక్కారు. స్వరాలు చెక్కలేదు. అందుకని సాహిత్యం మన చేతికొచ్చింది, ఆయన పాడిన వరస రాలేదు. ఈరోజు మనం వింటున్న వరసలు చాలావరకు తర్వాతివాళ్ళు కట్టినవి.

ఇక మీ అసలు గొడవ. మీరు ముందు రాసి తర్వాత కట్టాలని చూస్తున్నారు. నేనూ మొదట్లో అదే చేశాను. రెండు రాత్రులు కూర్చుని పదహారు లైన్లు రాశాను. వెన్నెల, వేణువు, ఎడారి, ఎదురుచూపు, ఏదీ వదల్లేదు. చదువుకుంటే నాకే ముచ్చటేసింది. పాడే అలవాటున్న స్నేహితుడి చేతిలో పెట్టాను. మూడో లైను దగ్గర ఆగి, "ఇందులో ఊపిరి ఎక్కడ తీసుకోవాలి?" అన్నాడు. నిజమే. ఊపిరికి చోటే వదల్లేదు నేను. అప్పటినుంచి కాగితం ఆఖర్నే తీస్తున్నాను.

ముందు ఒక మాట పట్టుకోండి. గొప్ప మాట అక్కర్లేదు, నిజంగా ఎవరో ఎవరితోనో అనగలిగిన మాటైతే చాలు. మనం రోజంతా అంటూనే ఉంటాం: "వస్తానన్నావు కదా", "ఇంకా నిద్ర రాలేదు", "నాకేం తెలుసు". వీటిలో ఏదో ఒకటి నోట్లో రెండు మూడుసార్లు తిరగనివ్వండి. మూడోసారికి విసుగు పుడితే వదిలేయండి. పుట్టకపోతే పల్లవి దొరికినట్టే. పల్లవి అంటే మొదటి లైను కాదండీ, తిరిగొచ్చే లైను. వాడుకలో చూడండి, "మళ్ళీ అదే పల్లవి అందుకున్నాడు" అంటాం. తిరిగి అందుకునేదే పల్లవి. పదం, లయ, విన్యాసం అనే మూడింటి మొదటి అక్షరాలు కలిసి పల్లవి అయిందని సంగీతం చెప్పేవాళ్ళు అంటుంటారు. గుర్తుపెట్టుకోవడానికి బాగుంటుంది గానీ, చిగురు అని అర్థమున్న పల్లవంతో కలుపుకోవడమే నాకు నచ్చుతుంది. చెట్టు అదే, చిగురు మళ్ళీ మళ్ళీ వేస్తుంది.

ఒకటి కట్టి చూపిస్తాను. నాకు దొరికిన మాట ఇది:

తలుపు వేయలేదు నేను

మామూలు మాటే. ఇప్పుడు చప్పట్లు కొడుతూ చెప్పండి. తలుపు / వేయ / లేదు / నేను. ప్రతి ముక్కా మూడు మాత్రలే (పొట్టి అక్షరానికి ఒక మాత్ర; పొడుగుదానికీ, సున్న ఉన్నదానికీ, ఒత్తక్షరం ముందున్నదానికీ రెండు). తకిట తకిట తకిట తకిట. త్రిశ్రగతి. నేను లెక్కపెట్టి రాసింది కాదు, మాటలోనే ఉంది. తెలుగు మాట్లాడేవాళ్ళకి ఈ అదృష్టం ఉంది, వాక్యాల్లో సగం ఏదో ఒక నడకలో పడిపోతాయి. "వస్తానన్నావు కదా" అన్నది చూడండి, వస్తా / నన్నా / వు కదా. నాలుగేసి మాత్రలు, తకధిమి నడక.

నడక దొరికింది కాబట్టి ఇక కూనిరాగం. రెండో లైనుకి మాటల కోసం వెతక్కండి. "తలుపు వేయలేదు నేను, తాన తాన తాన తాన" అని వీధిలో నడుస్తూనో, గిన్నెలు తోముతూనో అనుకోండి. ఆ తానాల్లోకి మాటలు వాటంతట అవే దూరతాయి. సినిమా పాటలకి ముందు ట్యూన్ ఇచ్చి డమ్మీ మాటలతో పాడి వినిపించేదీ ఇదే పద్ధతి. నాకు దూరింది ఇది:

తలుపు వేయలేదు నేను
గాలి వచ్చి వెళ్ళిపోయె

రావాల్సిన మనిషి రాలేదని ఎక్కడా అనలేదు. గాలి వచ్చింది అనగానే రానిదెవరో వినేవాళ్ళకి తెలిసిపోతుంది. 'వెళ్ళిపోయింది' అనే రాయాలనుకున్నాను, మనం అనేది అదే కదా. 'పోయింది' అంటే ఐదు మాత్రలు, నడక తడబడుతుంది. కాబట్టి 'పోయె'. ఈ రాయితీలు ఒకటీ రెండూ అయితే పర్వాలేదు. పాటంతా 'వచ్చె, పోయె, చూచె' అంటే మాత్రం పాత నాటకంలా వినిపిస్తుంది.

చరణానికి ఇంకా సులువు. పల్లవిని ప్రశ్నలు అడగండి. ఎందుకు వేయలేదు? ఎంతసేపు? అప్పుడు ఏం జరిగింది? జవాబులు చరణాలు. ఒక్కో చరణానికి ఒక్క జవాబే. అన్నీ ఒకదాంట్లోనే కుక్కితే రెండో చరణానికి చెప్పేదేమీ మిగలదు. కొత్తగా రాసేవాళ్ళ పాటలు మధ్యలో ఆగిపోవడానికి నాకు కనిపించిన కారణం ఎక్కువగా ఇదే.

ఇంకొకరు:

బాగా చెప్పారు మాస్టారూ. ఒక చిన్న పేచీ. తలుపు, గాలి అని 'ల' ప్రాస వేసినట్టు కనిపిస్తోంది. ప్రాస అంటే లైన్లలో రెండో అక్షరం కలవడం; దాని ముందున్న అక్షరం ఒకచోట లఘువైతే, అంటే ఒక మాత్రదైతే, అన్నిచోట్లా లఘువే ఉండాలి కదా. 'త' లఘువు, 'గా' గురువు, అంటే రెండు మాత్రలు. పద్యంలో ఒప్పుకోరు. నేనైతే ఇలా మారుస్తాను:

తలుపు వేయలేదు నేను
అలికిడైతె లేచినాను

నడక పోలేదు, ప్రాస కుదిరింది, చివర 'నేను, నాను' అని అంత్యప్రాస అదనం.

జవాబు:

మీరన్నది నూటికి నూరుపాళ్ళూ నిజం. పద్యమైతే నోరు మూసుకుని దిద్దుకునేవాణ్ణి. పాటలో చెవి ఒప్పుకుంటే చాలనేది నా వాదన. తలుపు, గాలి అని పాడి చూడండి, 'ల' ఖంగుమనే వినిపిస్తుంది. పైగా మీ లైనులో మనిషి లేచాడు, అంతే. గాలి లైనులో కథ ఉంది. పల్లవిలో కథ పోగొట్టుకుని ప్రాస తెచ్చుకోలేను.

అలాగని మీ లైను వదలబుద్ధి కావడం లేదు. చరణంలో పెట్టేస్తున్నాను, దొంగతనం అనుకోకండి:

అలికిడైతె లేచినాను
నీడ చూసి నవ్వినాను
తలుపు వేయలేదు నేను

చూశారా, ఈసారి పల్లవి వచ్చేసరికి 'నేను' అన్నది పైన రెండు 'నాను'లతో జత కలిసింది. మొదట విన్నప్పుడు అది ఒక కబురులా ఉంది, ఇప్పుడు మొండితనంలా వినిపిస్తోంది. ఒక్క అక్షరం మార్చలేదు. తిరిగొచ్చిన ప్రతిసారీ కొంచెం వేరే అర్థం మోసుకురాకపోతే "పాడిందే పాటరా పాచిపళ్ళ దాసరీ" అవుతుంది.

మరొకరు:

నాకు ఈ మాత్రలూ గణాలూ అంటే బడిలోనే టెన్షన్. అవి రాకుండా పాట కట్టలేమా?

జవాబు:

బ్రహ్మాండంగా కట్టొచ్చు. అక్షరం ముక్క రానివాళ్ళు కట్టిన పాటలే మనకి ఎక్కువ. చేత్తో బల్ల మీద దరువు వేస్తూ మాట అనండి. తడబడినచోట మాట మార్చండి. ఆ తడబాటుకి శాస్త్రం పెట్టిన పేర్లే ఇవన్నీ. పేర్లు తెలిస్తే ఒక్కటే లాభం, ఎక్కడ తడబడిందో తొందరగా దొరుకుతుంది.

ఒక్క జాగ్రత్త. దొరికింది దొరికినట్టు ఫోన్‌లో పాడి రికార్డు చేసుకోండి, గొంతు ఎలా ఉన్నా సరే. మాటలు మాత్రమే రాసుకుంటే పొద్దున్నకి వరస ఎగిరిపోతుంది. పైన రాగిరేకుల సంగతి చెప్పింది అందుకే.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ థాంక్సండీ. నిన్న రాత్రి పెన్ను ముట్టుకోలేదు. మా పిల్ల ఏదో అడిగితే అలవాటుగా "ఇప్పుడే కాదులే" అన్నాను. అన్నాక అదే నోట్లో తిరుగుతోంది. తకిటా కుదరడం లేదు, తకధిమీ కుదరడం లేదు. తప్పేమిటి?

జవాబు:

తప్పేం లేదు. ఇప్పుడే / కాదులే. ఐదూ ఐదూ. తకతకిట, ఖండగతి. కొంచెం కుంటుతున్నట్టు, ఆగి అడుగేసినట్టు ఉంటుంది. వాయిదా వేసే మాటకి అంతకన్నా మంచి నడక నేనైనా వెతికివ్వలేను. దాన్ని సాఫీ చేయకండి. మీ పిల్ల ఏమంది?

ప్రశ్న అడిగినవారు:

అదే రెండో లైను అయిపోయిందండీ!

ఇప్పుడే కాదులే
ఎప్పుడో చెప్పవే

అది నిజంగా అన్నది "మరెప్పుడు?" అని. నేను కొంచెం మార్చాను.

ప్రాస పేచీ పెట్టినవారు:

'ప్ప' ప్రాస, ముందు రెండుచోట్లా గురువే. ఈసారి నాకు పనిలేదు.

జవాబు:

మొదటి లైను అమ్మది, రెండోది కూతురిది. ఇద్దరు పాడే పాట అవుతోంది అది. చరణంలో అమ్మకి జవాబు చెప్పే అవకాశం ఇవ్వకండి, అడగడమే పిల్లవంతు చేయండి. ప్రతిసారీ అమ్మ పల్లవితో తప్పించుకోవాలి. వరస కట్టారా?

ప్రశ్న అడిగినవారు:

ఫోన్‌లో ఉంది. వెనకాల కుక్కర్ విజిల్ కూడా పడింది. ఇంకా ఎవరికీ వినిపించలేదు.