పాప టోపీ వదులు, బొమ్మ స్వెట్టర్ ఇరుకు: ఒకే నమూనాతో ఇద్దరికీ అల్లవచ్చునా?

ప్రశ్న:

నమస్కారం. మా చెల్లెలికి రెండో పాప పుట్టి మూడు వారాలైంది. ఆ పాపకు ఊలుతో ఒక టోపీ, చిన్న స్వెట్టర్, కాలి తొడుగులు అల్లి, మిగిలిన ఊలుతో పెద్ద పాప ఆడుకునే బొమ్మకు కూడా అచ్చం అలాంటివే అల్లి ఇవ్వాలని ముచ్చటపడి మొదలుపెట్టాను. ఊలు ముదురు ఎరుపు రంగు అక్రిలిక్, డీకే అనే మధ్యరకం మందం. ఇంతవరకు పెద్దవాళ్ళ మఫ్లర్లు తప్ప మరేమీ అల్లినదాన్ని కాను.

టోపీ నమూనాలో 8వ నంబరు సూదులతో 72 కుట్లు ఎక్కించమని ఉంది. నా సూదుల మీద కూడా 8 అనే అంకె ఉంది కాబట్టి నిశ్చింతగా అల్లుకుపోయాను. పాప తల చుట్టుకొలత 36 సెం.మీ.; పూర్తయిన టోపీ మాత్రం సాగదీయకుండానే 40 సెం.మీ. వచ్చింది. తలకు పెట్టగానే అది కళ్ళ మీదుగా జారి ముక్కు దగ్గర ఆగుతోంది. బొమ్మ విషయం ఇందుకు తలకిందులుగా ఉంది. దాని ఎత్తు 46 సెం.మీ., ఛాతీ 28, మెడ 16, తల 32. పాప స్వెట్టర్ నమూనాలోని అంకెలన్నిటినీ ఒకే నిష్పత్తిలో తగ్గించి అల్లితే ఛాతీకి సరిపోయింది కాని, మెడలోంచి తల దూరడం లేదు, బొమ్మ చేతివేళ్ళు స్లీవులో అడ్డంపడి ముందుకు కదలడం లేదు. ఎక్కడ పొరబడ్డానో, విప్పకుండా సరిచేసే మార్గమేదైనా ఉందో చెప్పగలరు. ఉతికితే టోపీ కుదించుకుపోతుందా?

మొదటి సమాధానం:

ముందుగా టోపీ సంగతి చూద్దాం. మీరు 40 సెం.మీ.లో 72 కుట్లు అల్లారంటే 10 సెం.మీ.కు 18 కుట్లు పడ్డాయన్నమాట. డీకే ఊలును 4 మి.మీ. సూదులతో అల్లితే సాధారణంగా 10 సెం.మీ.కు 22 కుట్లు పడతాయి. ఆ లెక్కన 72 కుట్లకు దాదాపు 33 సెం.మీ. వస్తుంది, నమూనా రాసినవారు ఉద్దేశించిన కొలత అదే అయి ఉండాలి. మీ చేతిలో తప్పేమీ లేదు, చిక్కంతా ఆ 8 అనే అంకెలోనే ఉందని నా అనుమానం. పాత బ్రిటిష్ పద్ధతిలో 8వ నంబరు అంటే 4 మి.మీ., అమెరికన్ పద్ధతిలో 8వ నంబరు అంటే 5 మి.మీ. పైగా ఈ రెండు పద్ధతులూ ఎదురెదురుగా నడుస్తాయి: బ్రిటిష్ అంకె పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది, అమెరికన్ అంకె పెరిగేకొద్దీ లావవుతుంది. బ్రిటిష్ 10వ నంబరు 3.25 మి.మీ. అయితే అమెరికన్ 10వ నంబరు ఏకంగా 6 మి.మీ. అందుచేత నంబరును నమ్మకుండా మి.మీ. కొలతనే నమ్మండి. సూది మీద అది లేకపోతే, వరుసగా రంధ్రాలుండే కొలత పలకలో దూర్చి చూడండి.

ఇక రెండో విషయం. తల 36 ఉంటే టోపీ కూడా 36 ఉండాలని చాలామంది అనుకుంటారు. అల్లిక సాగుతుంది కాబట్టి టోపీని తల కన్నా సుమారు పదో వంతు తక్కువగా, అంటే 32 నుంచి 33 సెం.మీ. మధ్య అల్లాలి. అలా ఉంటేనే అది తలను పట్టుకుని నిలుస్తుంది. పుట్టినప్పుడు 35 సెం.మీ. దగ్గర ఉండే తల మూడో నెలకు 40 సెం.మీ. దాకా పెరుగుతుంది కాబట్టి మీ టోపీ మరో నాలుగైదు నెలలకు పనికొచ్చే మాట నిజమే. అప్పటికి వాతావరణం ఎలా ఉంటుందో చూసుకోండి.

ఉతికితే అక్రిలిక్ కుదించుకుపోదు. వేడి నీళ్ళలో ముడుచుకుని గట్టిపడేది గొర్రె ఊలు. దాని పోగుల మీద ఉండే సన్నని పొలుసులు తడి, వేడి, రాపిడి కలిసినప్పుడు ఒకదానికొకటి చిక్కుకుపోవడమే అందుకు కారణం. అక్రిలిక్‌కు ఇస్త్రీ వేడి తగిలితే కుదించుకుపోవడానికి బదులు మెత్తబడి, సాగి, తిరిగి బిగువుకు రాకుండా వేలాడుతుంది. కాబట్టి విప్పక తప్పదు. విప్పిన ఊలు మెలికలు తిరిగి ఉంటుంది కనుక వెంటనే ఉండ చుట్టి అల్లకండి. కుర్చీ వీపుకు చిలపలా చుట్టి, నాలుగుచోట్ల వదులుగా దారం కట్టి, గోరువెచ్చని నీళ్ళలో ముంచి వేలాడదీస్తే మర్నాటికి ఆ మెలికలు చాలావరకు పోతాయి.

మళ్ళీ మొదలుపెట్టే ముందు 30 కుట్లతో 12 సెం.మీ. ఎత్తు నమూనా ముక్క ఒకటి అల్లి, ఉతికి ఆరబెట్టి, అంచులు వదిలేసి నడిమి 10 సెం.మీ.లో కుట్లు లెక్కపెట్టండి. చిన్న వస్త్రమే కదా, అల్లేసి చూసుకోవచ్చని అందరికీ అనిపిస్తుంది. నేనూ అలా అనుకుని ఒకే టోపీని మూడుసార్లు విప్పాను.

రెండో సమాధానం:

నేను చాలాకాలంగా బొమ్మల బట్టలే అల్లుతున్నాను కాబట్టి బొమ్మ గురించి మాత్రం చెబుతాను. పసిబిడ్డ నమూనాను చిన్నది చేస్తే బొమ్మ నమూనా రాదు. మీరు కుట్ల లెక్కను తగ్గించగలరు కాని ఊలు మందాన్ని తగ్గించలేదు కదా. పాప ఒంటి మీద పల్చగా కనబడే అదే అల్లిక బొమ్మ ఒంటి మీద గొంగళిలా నిలబడుతుంది. పైగా పసిబిడ్డ చేతిని మడవవచ్చు, పిడికిలిని మీ వేళ్ళతో స్లీవులోంచి నెమ్మదిగా లాగవచ్చు. బొమ్మ చెయ్యి మడత పడదు, దాని వేళ్ళు ఎప్పుడూ విచ్చుకునే ఉంటాయి. దాని తల ఛాతీ కన్నా పెద్దది, మెడకు రెట్టింపు. 16 సెం.మీ. మెడకు అతికినట్టుండే అంచు 32 సెం.మీ. తలను దాటాలంటే ఏ అల్లికా అంతగా సాగదు.

అందుకని బొమ్మ స్వెట్టర్‌కు వీపు వైపు పైనుంచి కిందిదాకా తెరిచి ఉంచి, టిచ్ బటన్లు కుట్టడమే సరైన పని. స్లీవులనూ ఒంటినీ కలిపి మెడ నుంచి కిందికి అల్లుకొచ్చే రాగ్లన్ పద్ధతి దీనికి బాగా కుదురుతుంది. 1815లో వాటర్లూ యుద్ధంలో కుడి చెయ్యి పోగొట్టుకున్న రాగ్లన్ ప్రభువు పేరు మీదుగా వచ్చిన స్లీవు ఇది. చెయ్యి దూరని బొమ్మకు ఆయన పేరు తలచుకోవలసి రావడం నాకెప్పుడూ విచిత్రంగానే అనిపిస్తుంది. మీ బొమ్మ కొలతలకు, 10 సెం.మీ.కు 22 కుట్ల చొప్పున లెక్క ఇలా వేశాను. మెడ దగ్గర 40 కుట్లు ఎక్కించి, వాటిని 7, 6, 14, 6, 7గా విడదీసి గుర్తు రింగులు పెట్టుకోండి. చివరన ఉన్న రెండు 7లూ వీపు భాగాలు, 6లు రెండూ స్లీవులు, నడుమ 14 ముందు భాగం. ప్రతి రింగుకూ అటొక కుట్టు, ఇటొక కుట్టు పెంచుతూ వరుస విడిచి వరుసలో ఎనిమిదిసార్లు పెంచితే మొత్తం 104 అవుతాయి. అప్పుడు 22 కుట్ల చొప్పున ఉన్న స్లీవులను విడి దారం మీదికి దించి, ఒక్కొక్క చంక కింద 3 కుట్లు కొత్తగా ఎక్కిస్తే ఒంటికి 66 కుట్లు మిగులుతాయి. అంటే 30 సెం.మీ. అందులో సుమారు 2 సెం.మీ. వీపు దగ్గర ఒకదాని మీద ఒకటి వచ్చే పట్టీకి పోతుంది కాబట్టి 28 సెం.మీ. ఛాతీకి సరిగ్గా అమరుతుంది. ఆ పట్టీ కోసం రెండు అంచుల్లోనూ 4 కుట్ల చొప్పున మొదటినుంచీ గార్టర్ అల్లికలో, అంటే అన్ని వరుసలూ నిట్ అనే మామూలు కుట్టుతోనే ఉంచండి. లేకపోతే అంచు లోపలికి చుట్టుకుపోతుంది.

స్లీవును గుండ్రంగా అల్లబోయి అవస్థ పడకండి. పాతిక కుట్లను నాలుగు సూదుల మీద తిప్పడమంటే ఊలు కన్నా సూదులే ఎక్కువ కనబడతాయి, సూదికీ సూదికీ మధ్య నిచ్చెన మెట్లలాగా సందులూ పడతాయి. బల్లపరుపుగా అల్లి, చివర్లో కింది అంచులు కలిపి కుట్టండి. కుట్టడానికి అదే ఊలు పురి విప్పి సగం పోగులు మాత్రమే వాడితే కుట్టు దగ్గర లావుగా కట్టెలా తేలదు. తొడిగేటప్పుడు బొమ్మ చేతికి పల్చని ప్లాస్టిక్ కవరు ముక్క చుట్టి, స్లీవు భుజం దాకా ఎక్కించాక మణికట్టు దగ్గరినుంచి కవరును లాగేయండి. విచ్చుకున్న వేళ్ళకు ఊలు తగులుకోదు.

ఒక్క హెచ్చరిక. మీది ముదురు ఎరుపు అంటున్నారు. ముదురు రంగులు, ముఖ్యంగా ఎరుపు, నీలం, నలుపు, వినైల్ అనే ప్లాస్టిక్‌తో చేసిన బొమ్మల ఒంటికి నెలల తరబడి ఆనుకుని ఉంటే రంగు లోపలికి ఇంకి మరక పడుతుంది. ఆ మరక తుడిస్తే పోయేది కాదు. తడిపిన ఊలును తెల్లగుడ్డలో నొక్కి చూడండి. రంగు అంటితే, అంటడం మానేదాకా జాడించండి. నేనైతే లోపల తెల్లని పల్చటి బనీను ఒకటి వేసి గాని ఎర్ర స్వెట్టర్ తొడగను.

మూడో సమాధానం:

పైవారిద్దరూ కొలతల గురించి చెప్పారు. పాప వస్తువుల్లో కొలత కన్నా ముందు చూడవలసినవి కొన్ని ఉన్నాయి. కాలి తొడుగుల లోపలివైపు వేలాడే దారపు కొసలు, రంగు మార్చినప్పుడు వెనక అడ్డంగా సాగే పొడుగు దారాలు పసివేళ్ళకు చుట్టుకుంటే రక్తం ఆడకుండా బిగుసుకుపోతుంది. బయటినుంచి ఏమీ కనబడదు, బిడ్డ ఎందుకు ఏడుస్తోందో తెలియదు. అందువల్ల పాదాలకు, చేతులకు ఒకే రంగుతో, సందులు లేని దగ్గర అల్లికతోనే చేయండి. ప్రతి కొసనూ రెండు దిక్కుల్లో కుట్ల లోపలికి దూర్చి కత్తిరించి, లోపలివైపు తిప్పి వేలితో తడిమి చూడండి. టోపీకి, మెడకు నాడాలు వద్దు. ఐరోపా ప్రమాణం ఈఎన్ 14682 కూడా చిన్నపిల్లల దుస్తులకు తల దగ్గర, మెడ దగ్గర నాడాలు పెట్టడాన్ని అనుమతించదు. గుండీలు కుట్టక తప్పకపోతే బలమైన దారంతో కుట్టి, ఉతికిన ప్రతిసారీ లాగి చూడాలి.

ఇంకొక మాట. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2022లో ఇచ్చిన సూచనల ప్రకారం, పుట్టిన తొలి గంటలు, ప్రత్యేక చికిత్స విభాగం మినహా, ఇంట్లో ఉన్నప్పుడు పసిబిడ్డకు టోపీ పెట్టకూడదు. టోపీతో తల కప్పి ఉంచితే ఒంటి వేడి బయటికి పోక బిడ్డకు వేడి ఎక్కువయ్యే ప్రమాదం ఉంది. కనుక టోపీ బయటికి తీసుకువెళ్ళేటప్పటికే అని మీ చెల్లెలికి చెప్పి ఇవ్వండి.

కాలి తొడుగులు జారిపోకుండా ఉండాలంటే నాడా అక్కరలేదు. పాదం పైన కనీసం 5 సెం.మీ. పొడుగు రిబ్, అంటే నిలువు చారలతో బాగా సాగే అల్లిక, ఉంటే చాలు. అయితే చివరి అంచును బిగుతుగా మూస్తే మడమే దూరదు. రెండు కుట్లను వెనకవైపు నుంచి కలిపి అల్లి, వచ్చిన ఒక్క కుట్టును తిరిగి ఎడమ సూదికి ఎక్కించి, పక్కదానితో మళ్ళీ కలిపి అల్లుతూ పోతే అంచు రబ్బరులా సాగుతుంది.

అడిగినవారు:

మీ ముగ్గురికీ కృతజ్ఞతలు. సూదిని కొలత పలకలో దూర్చి చూశాను. సరిగ్గా 5 మి.మీ. రంధ్రంలో పట్టింది. 4 మి.మీ. సూదులతో నమూనా ముక్క అల్లి ఉతికితే 22 కాదు, 21 కుట్లు వచ్చాయి. ఇప్పుడు 72 కుట్లే ఉంచనా, తగ్గించనా? ఈ అక్రిలిక్‌ను వదిలేసి పాపకు గొర్రె ఊలుతోనే అల్లమని మా అత్తగారు అంటున్నారు. ఏది మేలు?

మొదటి సమాధానమిచ్చినవారు:

72 కుట్లే ఉంచండి. 21 లెక్కన 34 సెం.మీ. వస్తుంది, 36 తలకు అది కాస్త వదులైనా నెల తిరిగేసరికి సరిపోతుంది. పైన తగ్గించేటప్పుడు 72ను ఎనిమిది భాగాలు చేస్తే ఒక్కొక్కటి 9 కుట్లవుతుంది కాబట్టి 8తో భాగించబడే సంఖ్యనే పట్టుకోవడం మంచిది. 64కు దిగితే 30 సెం.మీ.కు పడిపోతుంది. ఊలు విషయంలో మీ అత్తగారి మాటలో నిజముంది. గొర్రె ఊలు తేమను పీల్చుకుంటుంది, వెచ్చదనం ఇస్తూనే ఉక్కపోయనివ్వదు. కాని పసిబిడ్డ బట్టలు ఉతకడం రోజూ ఉండే పని, అది ఉతికేది మీరు కాదు. సూపర్‌వాష్ అని రాసి ఉన్న గొర్రె ఊలు దొరికితే, దాని పొలుసులను ముందే శుద్ధి చేసి ఉంటారు కాబట్టి గట్టిపడదు.

మూడో సమాధానమిచ్చినవారు:

ఇక్కడ నాది వేరే అభిప్రాయం. సూపర్‌వాష్ ఊలు గట్టిపడదు గాని తడిసినప్పుడు సాగి వేలాడుతుంది. తీగకు వేలాడదీస్తే పాప స్వెట్టర్ అక్క స్వెట్టర్ అవుతుంది. పరిచి ఆరబెట్టే ఓపిక మీ చెల్లెలికి ఉంటే అది, లేకపోతే మెత్తని అక్రిలిక్. మొహైర్, అంగోరా లాంటి నూగు రాలే ఊలు రకాలు మాత్రం పాపకు వద్దు, ఆ నూగు నోట్లోకి, ముక్కులోకి పోతుంది.

అడిగినవారు:

అక్రిలిక్‌తోనే కానిచ్చాను. టోపీ 34 వచ్చింది, కనుబొమల పైన నిలిచింది. బొమ్మ స్వెట్టర్ కూడా వీపు తెరిచి అల్లి, చేతికి కవరు చుట్టి తొడిగాను. రెండు చేతులకూ కలిపి నిమిషం పట్టలేదు. తెల్లగుడ్డ మీద మూడో జాడింపు దాకా గులాబీ రంగు దిగింది, నాలుగోసారి దిగలేదు. బనీను అల్లే ఓపిక లేక పాత చేతిరుమాలు కత్తిరించి లోపల వేశాను. కాలి తొడుగులు ఒకటి పూర్తయింది, రెండోది సూదుల మీదే ఉంది.