నాటక దుస్తుల పక్కన సినిమా ఆడించాలా? మ్యూజియం ప్రదర్శనలపై చర్చ

రంగాలంకరణ:
నాటకం, సినిమా ఒకదానికొకటి ఏమిచ్చుకున్నాయో చెప్పే ప్రదర్శనల్లో ఒక పద్ధతి పాతుకుపోయింది: అద్దాల పెట్టెలో నాటక దుస్తులు, ఎదుటి గోడ మీద సినిమా. ఇది మానేసి రెంటికీ వేర్వేరు గదులివ్వాలని నా వాదన. బొమ్మ కదులుతున్న చోట కదలని వస్తువు మీద చూపు నిలవదు. పైగా పాత బట్ట మీద 50 లక్సులకు (లక్సు అంటే ఒక చోట పడే వెలుతురుకు కొలత) మించి వెలుతురు పడకూడదు. 3000 ల్యూమెన్ల (ల్యూమెన్ అంటే దీపం వెదజల్లే మొత్తం వెలుగుకు కొలత) ప్రొజెక్టర్‌తో 3 మీటర్ల వెడల్పు తెర నింపితే, పూర్తి తెల్ల ఫ్రేమ్ వచ్చినప్పుడల్లా ఎదురుగా 2 మీటర్ల దూరంలోని బట్ట మీద 100 లక్సులు దాటుతాయి.

రీలుపెట్టె:
అది ప్రొజెక్టర్ ఎంపికలో తప్పు. చీకటి గదిలో అదే తెరకు 600 ల్యూమెన్లు చాలు, అప్పుడు బట్ట మీద పడేది 30 లక్సుల చుట్టుపక్కలే. ఇక గదులు విడగొట్టడమంటారా, 1923లో సోవియట్ దర్శకుడు ఐసెన్‌స్టైన్ తన తొలి చిన్న సినిమా తీసిందే నాటకం మధ్యలో వేయడానికి. 1958 బ్రస్సెల్స్ ప్రపంచ ప్రదర్శనలో చెక్ రంగస్థల కళాకారులు రాడోక్, స్వోబోదాలు నాటకాన్నీ సినిమానూ కలిపి చేసిన లాటెర్నా మాజికాలో రంగం మీది వ్యాఖ్యాత తెర మీది తన రూపాలతోనే మాట్లాడింది. వీటిని రెండు గదుల్లో పెడితే చూపించాల్సిన విషయమే పోతుంది.

వెలుగునీడ:
ఇద్దరూ లక్సుల దగ్గరే ఆగారు. బట్టను పాడుచేసేది మొత్తం మోతాదు. త్వరగా రంగు వెలిసే అద్దకాలకు ఏడాదికి 15,000 లక్స్-గంటలు (లక్సులను వెలిగిన గంటలతో గుణిస్తే వచ్చేది) మించవద్దని అంతర్జాతీయ ప్రకాశ సంఘం సూచన. 50 లక్సుల దగ్గర అది 300 గంటలు, రోజుకు 8 గంటల చొప్పున 37 రోజులకే అయిపోతుంది. తెర వెలుగు కూడా అదే ఖాతాలో పడుతుంది. కాబట్టి మనిషి దగ్గరకొచ్చినప్పుడే దీపమూ సినిమా వెలిగేలా సెన్సర్ పెట్టండి, లేదా ప్రదర్శన మధ్యలో దుస్తులు మార్చండి.

నేపథ్యం:
వెలుతురు కన్నా నన్ను బాధపెట్టేది సినిమాను కోసి చూపించడం. 1888లో పారిస్‌లోని రోబెర్-హూదాఁ నాటకశాల కొన్న తొలితరం ఫ్రెంచ్ సినిమా దర్శకుడు మెలియెస్, 1897లో పారిస్ పక్కనున్న మోంత్రోయ్‌లో కట్టిన గాజు స్టూడియోలోనూ నాటకరంగం లాంటి వేదికే పెట్టుకున్నాడు. కెమెరా ఎదురుగా కదలకుండా ఉంటుంది, నటుడు తల నుంచి పాదం దాకా కనిపిస్తాడు. ఆ ఫ్రేమ్ వెడల్పుకూ ఎత్తుకూ నిష్పత్తి 1.33. దాన్ని 16:9 టీవీకి నిండుగా సాగదీసి, మిగిలింది కోసేస్తే ఎత్తులో పావు వంతు పోతుంది. పోయేది తలో పాదాలో. పాదాలు పోతే వాటి కింద ఉన్న వేదిక నేల పోతుంది. నాటకం నుంచి సినిమాకు ఏం వచ్చిందో చెప్పే సాక్ష్యం అక్కడే ఉంది! పక్కల నల్లగా వదిలేయండి, ఏం ఫర్వాలేదు.

వేగం కూడా చూడాలి. సెకనుకు 16 ఫ్రేములతో తీసినదాన్ని 24తో ఆడిస్తే నిమిషం దృశ్యం 40 సెకన్లలో ముగుస్తుంది, నటన కోతిచేష్టల్లా కనిపిస్తుంది. రంగు సంగతీ అంతే: అప్పటి ఫిల్మ్ మీద ఎరుపు దాదాపు నల్లగా పడేది, అందుకే మెలియెస్ తన పరదాలను బూడిద ఛాయల్లో వేయించాడు. రంగుల నాటక పరదా పక్కన ఆ సినిమా పెట్టి వివరం రాయకపోతే, చూసేవాళ్లు రంగు వెలిసిందనుకుంటారు.

రీలుపెట్టె:
కలిపి చూపడానికి ఇంకో దారి ఉంది, 1862 నాటి పెప్పర్స్ గోస్ట్, అంటే గాజు పలకలో ప్రతిబింబంతో వేదిక మీద బొమ్మను నిలిపే రంగస్థల చమత్కారం. అసలులో 25వ వంతు కొలతల (1:25) రంగస్థల నమూనాలో ఆరపార కనిపించే గాజు అద్దాన్ని 45 డిగ్రీలు వంచి, కింద మానిటర్ పెడితే నటుడి బొమ్మ వేదిక మీద నిలబడుతుంది. అద్దం నుంచి మానిటర్ ఎంత దూరమో, బొమ్మ అద్దం వెనక అంతే దూరంలో కనిపిస్తుంది. వీడియోను ముందే కుడిఎడమలు తిప్పాలి. మందపాటి అద్దమైతే రెండు వైపులా ప్రతిఫలించి అంచులు జంటగా కనిపిస్తాయి. బిగించి కట్టిన పలుచని ఫిల్మ్ వాడితే ఆ బాధ ఉండదు. వెనక నల్లగుడ్డ తప్పనిసరి.

రంగాలంకరణ:
నమూనా వరకు సరే రీలుపెట్టె గారూ, కలిపే తీసినవాటి విషయంలో మీ మాటా ఒప్పుకుంటున్నాను. నాటకం వేరుగా, సినిమా వేరుగా పుట్టిన చోట మాత్రం నా గోడ అలాగే ఉంటుంది. మీ నమూనా ఉన్న పెట్టెలో అసలు వస్తువు ఒక్కటీ ఉండకూడదు, అది నమూనా అని లేబుల్ మొదటి వరుసలోనే రాయాలి.