యూరప్‌లో ఆడొచ్చిన అమ్మాయికి కాలేజీ కోచింగ్‌లో దారి ఎక్కడ?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మేం డాలస్‌లో ఉంటాం. మా అమ్మాయి ఇక్కడి కాలేజీ జట్టులో బాస్కెట్‌బాల్ ఆడి, తర్వాత మూడేళ్లు యూరప్‌లో ప్రొఫెషనల్‌గా ఆడింది. మోకాలి ఆపరేషన్ అయ్యాక ఇక ఆడను, కాలేజీ కోచ్ అవుతానంటోంది. నాలుగు చోట్ల అసిస్టెంట్ కోచ్ ఉద్యోగానికి అప్లై చేస్తే ఒక్కరూ పలకలేదు. స్టార్ ప్లేయర్ డాన్ స్టేలీ ఆడుతూనే కాలేజీ కోచ్ అయింది కదా, మా పిల్లను ఎందుకు పిలవట్లేదు? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు:
అక్కా, నేను ఒక కాలేజీ అమ్మాయిల జట్టుకు రెండేళ్లు గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా (అంటే మాస్టర్స్ చదువుతూ కోచ్‌లకు సాయపడే పని) చేశాను. స్టేలీతో పోల్చుకోవద్దు. 2000లో టెంపుల్ యూనివర్సిటీ ఆమెను హెడ్ కోచ్‌గా తీసుకునేసరికే చేతిలో ఒలింపిక్ స్వర్ణం ఉంది, పైగా ఆ యూనివర్సిటీ ఉన్న ఫిలడెల్ఫియా ఆమె సొంతూరు. ఆమె ఆడే డబ్ల్యూఎన్‌బీఏ (అమ్మాయిల ప్రొఫెషనల్ లీగ్) ఎండాకాలంలో, కాలేజీ సీజన్ చలికాలంలో కాబట్టి 2006 దాకా ఆటా, కోచింగూ రెండూ నడిచాయి.

ఇంకోపక్క ఒకప్పటి ఎన్‌బీఏ స్టార్ పాట్రిక్ ఈవింగ్. ఎన్‌బీఏలో ఏళ్ల తరబడి అసిస్టెంట్‌గా పనిచేసి మరీ 2017లో తాను చదివిన జార్జ్‌టౌన్ యూనివర్సిటీకి కోచ్‌గా వెళ్లాడు, 2021లో బిగ్ ఈస్ట్ (వాళ్ల కాలేజీ ఆడే కాన్ఫరెన్స్, అంటే కాలేజీల లీగ్) టోర్నీ గెలిపించాడు, ఆ మరుసటి సీజన్‌లో కాన్ఫరెన్స్ మ్యాచ్‌లు 19 ఆడితే 19 ఓడిపోయారు, 2023లో తీసేశారు. ఆయనకు ఆట తెలియదని ఎవరంటారు? కానీ కాలేజీలో ఆటగాళ్లను మనమే వెతికి, ఇంట్లోవాళ్లను ఒప్పించి తెచ్చుకోవాలి. అలా తెచ్చుకున్నవాళ్లు ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో (వేరే కాలేజీకి మారాలనుకునే ఆటగాళ్ల జాబితా) పేరిచ్చి వెళ్లిపోతే మళ్లీ మొదటికే. అసిస్టెంట్ కోచ్‌ని తీసుకునేటప్పుడు చూసేది ఇదే, ఈమెకు ఏ హైస్కూల్ కోచ్‌లు తెలుసు, ఎవరిని తేగలదు అని. మూడేళ్లు దేశంలో లేని పిల్లకు ఆ పరిచయాలు ఎక్కడివి?

అందుకే గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గానో, మ్యాచ్ వీడియోలు చూసుకునే వీడియో కోఆర్డినేటర్‌గానో మొదలుపెట్టమనండి. నేను చేసిన పని చెబుతా. రాత్రి పదకొండింటికి ప్రత్యర్థి పాయింట్ గార్డ్ (బంతి నడిపించే ప్లేయర్) ఎడమచేతి వైపు డ్రిబుల్ చేసిన ప్రతి క్లిప్పునూ సినర్జీ అనే మ్యాచ్ వీడియో సాఫ్ట్‌వేర్‌లో కత్తిరించి, పొద్దున్న ఆరింటికల్లా కోచ్ ల్యాప్‌టాప్‌లో పెట్టాలి. విసుగొచ్చే పనే, కానీ ఆటను బయటి నుంచి చూడటం నాకు వచ్చింది అక్కడే. ఆడేటప్పుడు నాకు కనిపించింది నేను అడ్డుకోవాల్సిన ప్రత్యర్థి ఒక్కడే.

ప్రశ్న అడిగినవారు:
జీతం చాలా తక్కువంటున్నారు తమ్ముడూ. ఇరవై ఆరేళ్లొచ్చాయి, మళ్లీ చదువా?

జవాబు:
తక్కువే అక్కా, దాచను. చాలాచోట్ల మాస్టర్స్ ఫీజు వాళ్లే కడతారు, చేతికి కొంత ఇస్తారు, అంతే. ఆ రెండేళ్లూ ఇంటి నుంచి కాస్త సాయం కావాలి. ఫైనల్ ఫోర్ (కాలేజీ టోర్నీ సెమీఫైనల్స్, ఫైనల్) జరిగే ఊళ్లోనే కోచ్‌ల సమావేశం కూడా ఉంటుంది, వీలైతే వచ్చేసారి పంపండి. అన్నిటికన్నా ముందు, తన పాత కాలేజీ కోచ్‌కి ఫోన్ చేయమనండి. ఈమెయిల్ వద్దు, ఫోనే. సీజన్ అయిపోగానే స్టాఫ్ మారుతుంటారు, ఖాళీలు బయటికి రాకముందే ఒకరికొకరు చెప్పుకుని నింపేస్తారు.