పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి గారి జీవితం: పిల్లలకు ఏమి చెప్పాలి?

మహేంద్రతనయ (పర్లాకిమిడి):

అందరికీ నమస్కారం. ఆగస్టు 29న మా వీధి పిల్లలకు గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారి గురించి ఒక గంటసేపు చెప్పవలసి ఉంది. వారంతా బడిలో ఒడియా చదువుతూ, సాయంత్రం నా దగ్గర తెలుగు నేర్చుకుంటున్నవారు. వారిలో ఇద్దరు సవర పిల్లలు, అంటే ఇక్కడి కొండల్లోని గిరిజన తెగవారు. 'వ్యావహారిక భాషోద్యమ పితామహుడు' అన్న మాట అందరికీ కంఠస్థమే గాని, ఆయన యాభయ్యేళ్లకు పైగా మన ఊళ్లోనే కాపురం ఉన్నారన్న సంగతి ఒక్కరికీ తెలియదు. ఆ రోజుల నిజమైన విశేషాలు తెలిసినవారు దయచేసి రాయగలరు.

గుణుపురం మాస్టారు:

అమ్మా, సవర పిల్లలు ఉన్నారన్నారు కనుక అక్కడినుంచే మొదలుపెట్టండి. 1863లో శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలో పుట్టి, చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకున్న ఆయన, 1880లో ముప్పై రూపాయల జీతం మీద పర్లాకిమిడి రాజావారి బడిలో చరిత్ర చెప్పే ఉపాధ్యాయులుగా చేరారు. చుట్టుపక్కల కొండల్లోని సవరల మాట నేర్చుకోవాలన్న పట్టుదలతో, సవరా తెలుగూ రెండూ వచ్చిన మనిషిని ఒకరిని ఇంట్లోనే ఉంచుకున్నారు. ఆ భాష నేర్పే పుస్తకమేదీ ఆయన చేతికి అందే కాలం కాదు. చెవి ఒక్కటే ఆధారం. తర్వాత సవర పాటలు, కథలు సేకరించి, వాచకాలు తయారుచేసి, సొంత డబ్బుతో సవర పిల్లలకు బడులు పెట్టించారు. మద్రాసు ప్రభుత్వం ఆ పుస్తకాలకు పారితోషికం ఇవ్వజూపితే, ఆ సొమ్ముతో సవరలకు మంచి బడి పెట్టమని కోరారు.

ఆ కొండల్లో తిరిగి తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. దానికి క్వినైన్ ఎక్కువగా వాడడం వల్ల ఆయనకు చెవుడు వచ్చి, జీవితాంతం ఉండిపోయింది. ఇది తలచుకున్నప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది. అయినా పని ఆపలేదు: సవర భాషా వ్యాకరణం 1931లో వెలువడింది, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో, అంటే ఆయన డెబ్బై అయిదో ఏట వచ్చింది. పిల్లలకు ఈ రెండు సంవత్సరాలూ తప్పక చెప్పండి.

బరంపురం వాసి:

మాస్టారు గారు రాసినదానికి ఒక సవరణ కాదు గాని, ఒక హెచ్చరిక చేర్చాలి. గిడుగువారు సవరలకు లిపి సృష్టించారని కొన్ని వ్యాసాల్లో కనిపిస్తుంది. అది సరికాదు. మొదట్లో ఆయన వాడినది తెలుగు లిపి. 'సోరంగ్ సోంపెంగ్' అనే సవర లిపిని రూపొందించినవారు మంగై గొమాంగో, అది 1936లో. సవర పిల్లల ముందు ఆ పేరు చెప్పకపోవడం అన్యాయం అవుతుంది.

అదే 1936లో, ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమై పర్లాకిమిడి అందులో చేరినప్పుడు, ఆ చేర్పు ఇష్టంలేని గిడుగువారు అన్నేళ్ల ఊరిని విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. ఇంకో నాలుగేళ్లకే, 1940 జనవరి 22న కన్నుమూశారు. మన పిల్లలు ఒడియా బడుల్లో చదువుతున్నారు కాబట్టి ఈ ఘట్టాన్ని కక్షగా కాక, ఊరి మీది మమకారంగా చెప్పండి. శ్రీకాకుళం ప్రాంతంలోని ముఖలింగం గుడి శాసనాలు ఆయన స్వయంగా చదివిన సంగతి పెద్ద పిల్లలకు నచ్చుతుంది.

తెలుగులో వాడుక భాష కోసం ఆయన పోరాడిన ధైర్యం సవర కొండల్లోనే పుట్టిందని నా నమ్మకం. పుస్తకం లేని భాషకు నోటి మాటే ప్రమాణం కదా.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):

మాస్టారూ, బరంపురం వారూ, ఇద్దరికీ కృతజ్ఞతలు. లిపి విషయంలో నేనూ పొరబడే ఉన్నాను. మా సవర పిల్లల్లో పెద్దవాణ్ణి, మీ ఇంటి మాట అచ్చులో ఎప్పుడైనా చూశావా అని నిన్న అడిగాను, లేదన్నాడు. ఆ నిఘంటువులోని పది మాటలు తెలుగు లిపిలో రాసి పంపగలరా, మాస్టారూ? ఆ రోజు వాడిచేతే అందరికీ చదివిస్తాను.