జాతరలో ముఖం గుర్తుపట్టే కెమెరా పెడితే తప్పేంటి?

చిట్యాల తమ్ముడు:
పోయినేడు జాతరలో మా అమ్మ మెడలో పుస్తెలతాడు తెంపుకుపోయారు. సీసీ కెమెరాలో దొంగ వీపు, కొంచెం చెంప కనబడ్డాయి, అంతే. పాత నేరస్థుల ఫొటోలు పోలీసుల దగ్గర ఎలాగూ ఉంటాయి. తెలంగాణ పోలీసులు వాడే టీఎస్‌కాప్ యాప్‌లో ముఖం పోల్చే ఏర్పాటు 2018లోనే వచ్చింది. దాన్నే చెరువుగట్టు, కురుమూర్తి జాతరల గేటు దగ్గర కెమెరాలకు తగిలిస్తే పాత దొంగ అడుగు పెట్టగానే దొరుకుతాడు కదా? తప్పు చేయనోడికి భయమెందుకు?

పాలమూరు బిడ్డ:
తమ్మీ, 2023లో మెదక్‌లో జరిగింది విన్నాక ఆ చివరి మాట నా నోట రాదు. గొలుసు దొంగతనం కేసులో, సీసీ కెమెరాలో కనబడ్డ మనిషిలా ఉన్నాడని ఒక కూలీని పట్టుకొచ్చారు. తర్వాత వదిలేశారు. ఫిబ్రవరిలో గాంధీ ఆసుపత్రిలో చనిపోయాడు. స్టేషన్‌లో కొట్టారని ఇంటివాళ్లు చెప్పారు. హైకోర్టు తనంతట తానే కేసు తీసుకుంది.

చిట్యాల తమ్ముడు:
అది పోలిక చూసి పొరబడడమే కదా అన్నా. కంప్యూటర్ అయితే ఆ పొరపాటు తగ్గుతుందనే నేనంటున్నది.

లెక్కల సారు, మిర్యాలగూడ:
తగ్గుతుందో పెరుగుతుందో లెక్క వేద్దాం. జాతరకు లక్ష మంది వచ్చారనుకో. వెయ్యి మందిలో ఒక్కరి దగ్గరే తప్పు చేసే మిషను పెట్టారనుకో. వంద మంది అమాయకుల దగ్గర గంట మోగుతుంది. అసలు దొంగలు పది మంది వచ్చి పది మందీ దొరికినా, మోగిన 110 గంటల్లో 100 తప్పు. ఇది నేను ఊహించిన లెక్కే. కానీ అమెరికా ప్రభుత్వ సంస్థ నిస్ట్ 2019లో పరీక్షించినప్పుడు, చాలా ప్రోగ్రాములు ఆసియా, ఆఫ్రికా ముఖాల దగ్గర తెల్లవాళ్ల కంటే పది నుంచి వంద రెట్లు ఎక్కువగా తప్పు పోలిక చూపించాయి. ఇక మన జాతరలో ముఖాన పసుపు, తలకు తువ్వాల, రాత్రి ట్యూబ్‌లైట్ వెలుతురు!

రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్:
సారూ, మంచి కూడా చెప్పండి. తప్పిపోయిన పిల్లలను వెతకడానికి దర్పణ్ యాప్ వాడతారు. ఏ ఊరి బిడ్డో తెలియని పిల్లవాడిని ఫొటోతో ఇంటికి చేర్చడం చిన్న పని కాదు. దొంగల విషయంలో యాప్ చూపిన పేరు మాకు దారి మాత్రమే, సాక్ష్యం కాదు. కాకపోతే ఉన్నమాట చెప్తాను. పైనుంచి ఒత్తిడి ఉన్నప్పుడు స్క్రీన్ మీద ఒక పేరు వచ్చిందంటే, ఇంకొకడి గురించి ఆలోచించే ఓపిక స్టేషన్‌లో ఎవరికీ ఉండదు.

నల్లగొండ వకీలు:
ఆ ఓపికను చట్టంలో రాయాలి. 2022లో వచ్చిన నేర గుర్తింపు చట్టం కింద తీసుకున్న వేలిముద్రలు, ఫొటోలు 75 ఏళ్లు దాచవచ్చు. కానీ యాప్ ఎంత శాతం పోలిక చూపితే మనిషిని ఆపాలో అందులో లేదు. ఢిల్లీ పోలీసులైతే 80 శాతం దాటితే సరిపోలినట్టే చూస్తామని సమాచార హక్కు కింద చెప్పారు. మన దగ్గర, 2021 లాక్‌డౌన్‌లో పోలీసులు మాస్కు తీయించి ఫొటో తీశారని ఒక సామాజిక కార్యకర్త హైకోర్టుకు వెళ్లారు.

చిట్యాల తమ్ముడు:
సరే, గంట మోగితే స్టేషన్‌కు తీసుకుపోవద్దు. అక్కడే నాలుగు మాటలు అడిగి వదిలేయమందాం.

పాలమూరు బిడ్డ:
ఏడాదంతా ముంబైలో కూలి చేసుకుని జాతరకని వచ్చినోడి భుజం మీద, ఊరందరి ముందు పోలీసు చెయ్యి పడితే? ఐదు నిమిషాల్లో వదిలేసినా, ఊళ్లో ఏమంటారో నీకు తెలియదా?

చిట్యాల తమ్ముడు:
తెలుసు. అయినా నాకు కెమెరా కావాలన్నా. రెండో మనిషి కళ్లతో చూసి సరే అన్నాకే ఆపాలన్న షరతు మాత్రం ఒప్పుకుంటా. అమ్మకు ఇదంతా చదివి వినిపించాను. ఈసారి మెడలో పసుపుతాడు వేసుకునే వస్తానంది.